రూట్ కెనాల్ అయిన పంటికి బాండింగ్ ఎంత గట్టిగా పడుతుంది?

రూట్ కెనాల్ చేయించుకున్న పంటి మీద ఫిల్లింగ్ ఒక్కోసారి ఆరు నెలలకే ఊడిపోతుంది. లేదా అన్నం తింటుండగా పోస్టుతో (క్యాప్‌కు ఆధారంగా వేరులోకి దింపిన కడ్డీతో) సహా క్యాప్ చేతిలోకి వచ్చేస్తుంది. ఎందుకిలా అని అడిగితే ఎక్కువగా వినిపించే సమాధానం ఒకటే: "నరం తీసేసిన పన్ను కదండీ, చచ్చిన పంటికి సిమెంటు పట్టదు." వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఇందులో నిజం తక్కువ. నరం లేకపోవడం అతుకుకు పెద్ద అడ్డంకేమీ కాదు, ఒక విధంగా మేలు కూడా. అసలు చిక్కంతా నరం తీసేటప్పుడు లోపల పోసిన మందులతో, వేరు లోపలి కాలువ ఆకారంతో, మందును గట్టిపరిచే లైటు అందని లోతుతో వస్తుంది. అందుకే ఒకే డాక్టరు ఒకే సీసాలోంచి తీసి పూసిన బాండింగ్ మందు పంటి అంచున ఒకలా, లోపల మరోలా పనిచేస్తుంది.

అతుకు అంటే లోపల జరిగేది ఏమిటి

పంటి పైపెంకు ఎనామెల్. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దానికి అతికించడం తేలిక. 1955లో మైకేల్ బ్యూనోకోర్ 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామెల్‌ను కొద్దిగా కొరికించి, ఆ గరుకు మీద రెసిన్, అంటే పూశాక గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం, గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. ఇప్పుడు వాడే నీలం రంగు ఎచ్చింగ్ జెల్‌లో ఆమ్లం 35–37 శాతం. ఆమ్లం చేసిన కంటికి కనిపించని గుంటల్లోకి పల్చటి రెసిన్ దిగి, అక్కడే గట్టిపడి కొక్కేల్లా పట్టేస్తుంది.

ఎనామెల్ కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. అందులో ఖనిజం సుమారు 70 శాతం, కొలాజెన్ లాంటి సేంద్రియ పదార్థం 20 శాతం, నీరు 10 శాతం. పైగా దాని నిండా నరం గదివైపు సాగే సన్నటి గొట్టాలుంటాయి. ఆమ్లం పూస్తే పైన కొన్ని మైక్రాన్ల మేర ఖనిజం కరిగిపోయి కొలాజెన్ పోగుల వల మిగులుతుంది. పల్లెటూళ్లలో వెదురు తడికకు మట్టి మెత్తడం చూసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. మట్టి తడిక సందుల్లోకి దూరినప్పుడే గోడ నిలుస్తుంది. ఇక్కడ తడిక కొలాజెన్, మట్టి రెసిన్. రెండూ కలిసిన ఆ పొరకు 1982లో జపాన్ శాస్త్రవేత్త నకబయాషి హైబ్రిడ్ లేయర్ అని పేరు పెట్టాడు. గాలి కొట్టి డెంటిన్‌ను మరీ ఎండబెడితే తడిక కుప్పకూలి సందులు మూసుకుపోతాయి. మరీ తడిగా వదిలేస్తే రెసిన్‌కు చోటు లేకుండా నీళ్లే నిండుతాయి.

బాండింగ్ మందుల్లో రెండు బాటలున్నాయి. ఆమ్లం పూసి కడిగి, ఆ తర్వాత మందు పూసేది ఎచ్ అండ్ రిన్స్. ఆమ్లం మందులోనే కలిసి ఉండి, కడగాల్సిన పని లేనిది సెల్ఫ్ ఎచ్. ఈ పదేళ్లలో వాడకం పెరిగిన యూనివర్సల్ బాండ్‌లను రెండు పద్ధతుల్లోనూ వాడొచ్చు. వాటిలో చాలావాటి గుండెకాయ 10-ఎండీపీ అనే అణువు. 1980ల్లో జపాన్ కంపెనీ కురారే తెచ్చిన ఈ అణువు పంటిలోని కాల్షియంతో రసాయన బంధం వేసుకుంటుంది.

నరం తీస్తే పన్ను ఎండు కట్టెలా అవుతుందా

ఈ నమ్మకాన్ని పరిశోధకులు సూటిగానే కొలిచి చూశారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రాణమున్న పళ్లలో తేమ 12.35 శాతం, రూట్ కెనాల్ అయినవాటిలో 12.10 శాతం. అంటే తేడా లేనట్టే. 1992లో ఒకే మనిషి నోట్లోని జత పళ్లను, అంటే ఒకవైపు చికిత్స అయినదాన్ని, రెండోవైపు కానిదాన్ని, అలా 23 జతలను పోల్చారు. రూట్ కెనాల్ వల్ల పన్ను పెళుసయిందనడానికి ఆధారం దొరకలేదు.

మరి విరుగుతున్నాయి కదా? విరగడానికి కారణం పోయిన గోడలు. 1989లో ప్రీమోలార్ పళ్ల (కోరపంటికి, దవడ పళ్లకు మధ్య ఉండేవి) మీద కొలిచిన లెక్క చూడండి. కాలువల్లోకి దారి చేయడంతో పన్ను బిగువు 5 శాతమే తగ్గింది. పైభాగంలో మామూలు ఫిల్లింగ్ గుంత తీస్తే 20 శాతం తగ్గింది. ముందూ వెనకా రెండు పక్కగోడలూ పోయేలా తవ్వితే 63 శాతం పడిపోయింది. రూట్ కెనాల్ దాకా వచ్చిన దవడ పన్నుకు సాధారణంగా పుచ్చు వల్ల ఆ పక్కగోడల్లో ఒకటో రెండో ముందే పోయి ఉంటాయి.

అతుకు విషయంలో నరం లేకపోవడం కలిసొచ్చేది ఇక్కడే. ప్రాణమున్న పంటిలో పల్ప్ (నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) ఒత్తిడికి గొట్టాల్లోంచి ద్రవం బయటికి ఊరుతూ, పూసిన బాండ్‌ను కింది నుంచి తడుపుతూ ఉంటుంది. నరం తీశాక ఆ ఊట ఉండదు. ఫిల్లింగ్ తర్వాత జివ్వుమనే బాధ ఎలాగూ ఉండదు.

ఒకే పంటిలో నాలుగు రకాల నేల

పైన అంచు ఎనామెల్‌ది. అది ఎంత మిగిలితే అంత అదృష్టం. దాని కింద పల్ప్ ఉండే గది, అంటే పల్ప్ చాంబర్, గోడలు, ఆ తర్వాత చాంబర్ నేల, చివరికి కాలువ. ఎనామెల్ దగ్గరి డెంటిన్‌లో చదరపు మిల్లీమీటరుకు సుమారు 20,000 గొట్టాలుంటే, పల్ప్ దగ్గర 45,000 పైనే. అవి వెడల్పు కూడా. గొట్టాలు పెరిగే కొద్దీ వాటి మధ్య ఉండే గట్టి డెంటిన్ తగ్గుతుంది. హైబ్రిడ్ లేయర్‌కు ముఖ్యంగా కావలసింది ఆ గట్టి భాగమే. చాంబర్ నేల మీద వయసుతో పాటు పేరుకున్న సెకండరీ డెంటిన్ ఉంటుంది. బర్ (పన్ను తొలిచే పనిముట్టు మొన) తగలని చోట అది సహజమైన ఎగుడుదిగుడు ఉపరితలంతోనే మిగిలిపోతుంది. ప్రయోగాల్లో గోడల కన్నా నేలకు అతుకు తక్కువగా రావడం మామూలే. కాలువ కొసకు వెళ్లేసరికి గొట్టాలు తగ్గి, చాలావరకు పూడిపోయి ఉంటాయి.

హైపోక్లోరైట్ చేసే మేలు, వదిలిపోయే కీడు

కాలువలను కడగడానికి వాడే ప్రధాన ద్రవం సోడియం హైపోక్లోరైట్, 0.5 నుంచి 5.25 శాతం వరకు. బట్టలకు వాడే బ్లీచ్‌లో ఉండే పదార్థమే. చచ్చిన కణజాలాన్ని కరిగించే శక్తి దానికే ఉంది కాబట్టి అది లేకుండా రూట్ కెనాల్ చేయడం కుదరదు.

అది రెండు రకాలుగా అతుకును దెబ్బతీస్తుంది. కరిగించే గుణానికి పల్ప్ ఒకటి, డెంటిన్‌లోని కొలాజెన్ ఒకటి అన్న తేడా లేదు. తడికే దెబ్బతింటే మట్టి దేన్ని పట్టుకోవాలి? ఇక రెండోది, డెంటిన్ మీద మిగిలిన ఆక్సీకరణ శేషాలు. రెసిన్ గట్టిపడాలంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు గొలుసులా ఒకదాని వెంట ఒకటి నడవాలి. ఈ శేషాలు ఆ గొలుసును మధ్యలో తెంపేస్తాయి. లైటు కొట్టినా బాండ్ సగం ఉడికిన అన్నంలా మిగులుతుంది.

ఇందులో సెల్ఫ్ ఎచ్ మందులకు ఒక అదనపు కష్టముంది. ఎచ్ అండ్ రిన్స్‌లో ఆమ్లం చెడిన పైపొరను కరిగిస్తుంది, నీళ్లు దాన్ని కడిగేస్తాయి. సెల్ఫ్ ఎచ్‌లో కడగడమే లేదు కాబట్టి శేషం అక్కడే బాండ్‌లో కలిసిపోతుంది. అయితే అన్ని మందులూ ఒకేలా స్పందించవు. అసిటోన్ ద్రావకంగా ఉన్న కొన్ని బాండ్‌లకు హైపోక్లోరైట్ తర్వాత అతుకు తగ్గలేదని, కొన్నిసార్లు పెరిగిందని కూడా ప్రయోగాలు చూపించాయి. "హైపోక్లోరైట్ తగిలితే బాండింగ్ పోయినట్టే" అని ఒక్క మాటలో తేల్చలేకపోవడానికి కారణం ఇదే.

విరుగుడు మీద మూడు అభిప్రాయాలున్నాయి. 10 శాతం సోడియం ఆస్కార్బేట్, అంటే విటమిన్ సి ఉప్పు, ఆక్సీకరణ శేషాలను చంపి అతుకును తిరిగి పైకి తెస్తుంది. 2001 నుంచి ప్రయోగశాలల్లో ఇది పదేపదే రుజువైంది. చిక్కేమిటంటే, కొన్ని ప్రయోగాల్లో దాన్ని పది నిమిషాల పాటు ఉంచారు, ద్రావణాన్ని తాజాగా కలిపారు. క్లినిక్‌లో అంత తీరిక ఉండదు. పైగా అది కొలాజెన్‌కు జరిగిన నష్టాన్ని పూడ్చదు. రెండో వర్గం చెడిన పొరను బర్‌తో పల్చగా గీకేయడమో, 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో ఊదడమో చేసి కొత్త డెంటిన్‌ను బయటపెట్టాలంటుంది. చాంబర్ గోడలకు ఇది తేలిక, చవక, నమ్మదగినది. ఈ పద్ధతికి హద్దు కాలువ. అక్కడ గీకడానికి మందం ఉండదు. మూడో వర్గం ఆట మొదట్లోనే ముగించేస్తుంది. కూలిన పక్కగోడను కాలువలు కడగడానికి ముందే, డెంటిన్ ఇంకా శుభ్రంగా ఉండగానే, మాట్రిక్స్ (అచ్చులా పనికొచ్చే పల్చటి పట్టీ) కట్టి కాంపోజిట్‌తో, అంటే పంటి రంగు రెసిన్ ఫిల్లింగ్‌తో, లేపేస్తుంది. దీన్ని ప్రీ ఎండో బిల్డప్ అంటారు. లాలాజలం రాకుండా పంటి చుట్టూ కట్టే రబ్బర్ డ్యామ్ క్లాంప్‌కు పట్టు దొరకడం, కడిగే ద్రవం కారిపోకుండా చాంబర్‌లో నిలవడం అదనపు లాభాలు. నా మటుకు మూడింటిలో తర్కం బలంగా ఉన్నది దీనికే. కష్టపడి శుభ్రం చేయాల్సిన గోడను అసలు మురికే కానివ్వదు.

ఖనిజాన్ని కరిగించే ఈడీటీఏ అనే ద్రవాన్ని 17 శాతం గాఢతలో సుమారు ఒక నిమిషం ఉంచడం కూడా కాలువ శుభ్రతలో భాగమే. అది స్మియర్ పొరలోని, అంటే పనిముట్లు గీకినప్పుడు గోడకు మెత్తుకున్న పొడిలోని, ఖనిజాన్ని తీసేస్తుంది. కానీ ఈడీటీఏ తర్వాత మళ్లీ హైపోక్లోరైట్ పోసి చాలాసేపు ఉంచితే, అప్పుడే బయటపడ్డ కొలాజెన్ కరిగి డెంటిన్ కోసుకుపోతుంది. పోసే వరుస కూడా శాతాలంత ముఖ్యం.

లవంగ నూనె వాసన వచ్చే సిమెంటు

పంటి నొప్పికి లవంగం కొరికి పెట్టుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. అందులో నొప్పి తగ్గించేది యూజినాల్. అదే యూజినాల్ జింక్ ఆక్సైడ్‌తో కలిసి టెంపరరీ ఫిల్లింగ్‌లలో, కొన్ని రూట్ కెనాల్ సీలర్లలో (కాలువలో సందులు పూడ్చే జిగురు మందుల్లో) ఉంటుంది. డెంటల్ క్లినిక్‌లో అడుగుపెట్టగానే తగిలే ఆ వాసన దాందే. ఇంట్లో పెట్టుకున్న లవంగంతో బాండింగ్‌కు వచ్చే ముప్పేమీ లేదు. వారం రోజులు డెంటిన్‌కు అంటుకుని కూర్చున్న సిమెంటే సమస్య. యూజినాల్ కూడా ఫ్రీ రాడికల్స్‌ను మింగేస్తుంది, రెసిన్ గట్టిపడదు.

ఇక్కడ కూడా ఆమ్లం పూసి కడిగే పద్ధతి కొంత కాపాడుతుంది. యూజినాల్ చేరిన పైపొర ఆమ్లంతో పాటే పోతుంది కాబట్టి. సెల్ఫ్ ఎచ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎపాక్సీ రెసిన్ సీలర్లలో, కొత్తగా ప్రాచుర్యం పొందిన కాల్షియం సిలికేట్ సీలర్లలో యూజినాల్ ఉండదు. అలాగని గోడలకు అంటిన సీలర్‌ను వదిలేయొచ్చని కాదు. ఏ సీలరైనా డెంటిన్‌కూ బాండ్‌కూ మధ్య పరదాయే. కాలువ నింపే రబ్బరు లాంటి గులాబీ రంగు పదార్థం గట్టా పెర్చాను కోసిన వెంటనే చాంబర్‌లో మూల మూలలా పింక్ మరకలు, తెల్ల జిగురు మిగులుతాయి. ఫిల్లింగ్ ఊడివచ్చినప్పుడు దాని అడుగున ఈ మరకలు కనిపిస్తే కారణం వేరే వెతకనక్కర్లేదు.

సిట్టింగుల మధ్య పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టూ ఇలాంటి పరదాయే. నల్లబడ్డ ముందు పంటిని లోపలి నుంచి పెరాక్సైడ్‌తో తెల్లబరిస్తే డెంటిన్‌లో ఆక్సిజన్ చిక్కుకుంటుంది. అది దానంతటదే వెళ్లిపోవాలి. అందుకే శాశ్వత కాంపోజిట్‌ను ఒకటి రెండు వారాలు ఆపుతారు. క్రిమినాశక ద్రవం క్లోరోహెక్సిడిన్ కథ తలకిందులు. డెంటిన్‌లో ఎంఎంపీలు అనే ఎంజైములు నిద్రాణంగా ఉండి, బాండింగ్ ఆమ్లానికి మేల్కొని, రెసిన్ అందని కొలాజెన్‌ను నెలల తరబడి కొరుక్కు తింటాయి. 2 శాతం క్లోరోహెక్సిడిన్ వాటిని ఆపుతుంది. ప్రయోగాల్లో అతుకు ఎక్కువ కాలం నిలిచింది. నోట్లో ఫిల్లింగ్ ఆయుష్షు పెరుగుతుందా అన్నది మాత్రం అంత తేటగా తేలలేదు. హైపోక్లోరైట్ మిగిలుండగానే దీన్ని పోస్తే గోధుమ నారింజ రంగు మడ్డి పుట్టి గొట్టాలను పూడుస్తుంది.

కాలువ లోపలి లెక్క

ఫైబర్ పోస్టును, అంటే గాజు పోగుల లాంటి నారతో చేసిన కడ్డీని, కాలువలో అతికించినప్పుడు మందుల సమస్యకు జ్యామితి తోడవుతుంది. రెసిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది. కుంచించుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట స్వేచ్ఛగా లోపలికి లాగబడే ఉపరితలం ఉంటే ఒత్తిడి తగ్గుతుంది. అతుక్కున్న వైశాల్యాన్ని స్వేచ్ఛగా ఉన్న వైశాల్యంతో భాగిస్తే వచ్చేది సి ఫ్యాక్టర్.

అన్ని వైపులా 4 మి.మీ. ఉన్న పెట్టె లాంటి గుంత తీసుకుందాం. నాలుగు గోడలు, ఒక నేల కలిపి 80 చదరపు మి.మీ. అతుక్కుని ఉంటే, పైన తెరిచి ఉన్నది 16. భాగిస్తే 5. దంతవైద్యంలో ఇదే గడ్డు గుంత. ఇప్పుడు 1.2 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. లోతు ఉన్న కాలువలో 1 మి.మీ. పోస్టు పెడదాం. సిమెంటు కాలువ గోడకు 30.2, పోస్టుకు 25.1, మొత్తం 55.3 చదరపు మి.మీ. మేర అతుకుతుంది. పైన తెరిచి ఉన్న ఉంగరం వైశాల్యం 0.35 మాత్రమే. భాగిస్తే సుమారు 160. సిమెంటు పొర ఇంకా పల్చనైతే ఈ సంఖ్య 200 దాటుతుంది. గట్టిపడుతున్న సిమెంటు ఎటో ఒకవైపు గోడను వదిలేయక తప్పని పరిస్థితి ఇది.

పైగా లైటు. కాంపోజిట్‌ను 2 మి.మీ. పొరలుగా వేయడానికి కారణమే లైటు అంతకన్నా లోతుకు సరిగా చేరకపోవడం. 8 మి.మీ. లోతులో చీకటే. అందుకే లైటుతోనూ, దానంతటదీ గట్టిపడే డ్యూయల్ క్యూర్ సిమెంటు వాడతారు. అందులో ఒక ఉచ్చుంది. చాలా డ్యూయల్ క్యూర్ సిమెంట్లలో చీకట్లో రసాయన చర్యను నడిపేది ఒక అమీన్. ఒక్క సీసా బాండ్‌లలో మిగిలిన ఆమ్లం ఆ అమీన్‌ను నిర్వీర్యం చేస్తుంది. రెండూ మంచి కంపెనీల సరుకే అయినా కలిస్తే అతుకు రేఖ దగ్గర సిమెంటు మెత్తగా మిగిలిపోవచ్చు. ఒకే కంపెనీ బాండూ సిమెంటూ జతగా వాడమనడం అమ్మకాల ఎత్తుగడలా కనిపిస్తుంది కానీ, ఈ ఒక్క విషయంలో రసాయనం వాళ్ల పక్షానే ఉంది. విడిగా యాక్టివేటర్ కలపడం, అమీన్ లేని సిమెంటు ఎంచుకోవడం, బాండే అక్కర్లేని సెల్ఫ్ అడ్హెసివ్ సిమెంటు వాడటం మిగతా దారులు.

కరపత్రంలోని మెగాపాస్కల్‌ను ఎలా చదవాలి

అతుకు బలాన్ని మెగాపాస్కల్‌లో చెబుతారు. అంటే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్లు. పరీక్ష మారితే అంకె మారిపోతుంది. మైక్రోటెన్సైల్ పరీక్షలో సుమారు 1 చదరపు మి.మీ. మందమున్న పుల్లను లాగుతారు. అది 30 న్యూటన్ల దగ్గర తెగితే 30 మెగాపాస్కల్. కాలువలోని పోస్టుకు పుష్ అవుట్ పరీక్ష. వేరును 1 మి.మీ. బిళ్లలుగా కోసి మధ్యలోది తోస్తారు. 1.2 మి.మీ. కాలువలో అతుకు వైశాల్యం 3.77 చదరపు మి.మీ. అవే 30 న్యూటన్లకు వచ్చేది 8 మెగాపాస్కల్ లోపే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి "కాలువలో నాలుగో వంతే పట్టింది" అనడం తప్పు లెక్క.

పుష్ అవుట్‌లో ఇంకో మెలిక, రాపిడి. బిళ్లలో బిగుసుకున్న పోస్టు అతుకు లేకపోయినా కొంత ఎదురు తిరుగుతుంది. 2005లో వచ్చిన ఒక ప్రయోగం ఫైబర్ పోస్టుల పట్టులో ఈ రాపిడి వాటాయే పెద్దదని చూపించింది. కొందరు దీన్నిబట్టి కాలువలో బాండింగ్ పేరుకే అంటారు. మరికొందరు, రాపిడో అతుకో, పోస్టు నిలిస్తే చాలదా అంటారు. నిజానికి ఆ పోస్టును కాపాడేది చాలావరకు పైనే ఉంది. చిగురు పైన క్యాప్ చుట్టూ పట్టుకోవడానికి కనీసం 1.5–2 మి.మీ. ఎత్తు పంటి గోడ మిగిలితే నమిలే బలం దాని మీదికి పోతుంది. ఆ పట్టీని ఫెర్రూల్ అంటారు. అది లేని పన్ను ప్రతి ముద్దకూ సిమెంటు పొరనే ఊపుతుంది.

వేరు నుంచి క్యాప్ దాకా ఒకే ముద్ద: ఫలించని ఆలోచన

అతుకు మీద ఆశ ఎక్కువైతే ఏమవుతుందో 2004లో మార్కెట్లోకి వచ్చిన రెసిలాన్ చూపించింది. గట్టా పెర్చా డెంటిన్‌కు అతకదు కదా, దాని బదులు రెసిన్‌కు అతికే పాలికాప్రోలాక్టోన్ పదార్థంతో కాలువ నింపితే వేరు మొత్తం ఒకే ముద్ద అవుతుందన్నారు. దానికి మోనోబ్లాక్ అని పేరు. ఆలోచన అందమైనదే. కానీ పైన వేసిన 160 లెక్కను అదీ తప్పించుకోలేదు. కుంచించుకున్న సీలర్ గోడను వదిలేసింది. పైగా ఆ ప్లాస్టిక్‌కు బాక్టీరియా ఎంజైములకు కరిగే గుణముంది. ఏళ్ల తర్వాత జరిగిన పరిశీలనల్లో గట్టా పెర్చా కన్నా విఫలమైనవి ఎక్కువగా తేలాయి. చివరికి సరుకు మార్కెట్ నుంచి పోయింది.

పైపూత ముఖ్యమా, లోపలి పని ముఖ్యమా

అతుకు ఊడితే నష్టం ఫిల్లింగ్‌తో ఆగదు. సందులోంచి లాలాజలం, దానితో బాక్టీరియా కాలువలోకి దిగుతాయి. 1995లో రే, ట్రోప్ అనే ఇద్దరు 1010 పళ్ల ఎక్స్‌రేలు చూశారు. లోపలా (కాలువ నింపిన పని) పైనా (ఫిల్లింగ్ లేదా క్యాప్) పని బాగున్నవాటిలో 91.4 శాతం వేరు కొసన వాపు లేదు. రెండూ బాగాలేనివాటిలో ఆ అంకె 18.1. వింతేమిటంటే, పైన బాగుండి లోపల బాగాలేనివి 67.6 శాతం బాగుంటే, లోపల బాగుండి పైన బాగాలేనివి 44.1 శాతమే. దాంతో పైపూతే ముఖ్యమన్న వాదం బలపడింది. 2000లో నార్వే బృందం అలాంటి పరిశీలనే చేస్తే ఫలితం తిరగబడింది, లోపలి పనే ఎక్కువ తూగింది. ఎక్స్‌రేలో తెల్లగా నిండుగా కనిపించే ఫిల్లింగ్ అంచున అతుకు ఊడిందో లేదో ఎక్స్‌రే చెప్పలేదు. రెండు అధ్యయనాలకూ ఉన్న పరిమితి అదే. తర్వాత అన్నిటినీ కలిపి చూసిన సమీక్ష రెండూ సమానంగానే ముఖ్యమంది.

క్యాప్‌లోంచే రంధ్రం చేసినప్పుడు

ఇక మిగిలింది క్యాప్ ఉన్న పంటికి దాని మీది నుంచే రంధ్రం పెట్టి చేసే రూట్ కెనాల్. అక్కడ పై అంచున ఎనామెల్ ఉండదు. గాజు జాతి సెరామిక్ అయితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఆపైన సైలేన్ అనే అతుకు రసాయనం పట్టునిస్తాయి. క్యాప్‌లకు వాడే మరో సెరామిక్ అయిన జిర్కోనియాలో గాజు లేదు కనుక ఆ ఆమ్లం ఏమీ చేయలేదు. అల్యూమినా పొడితో గరుకు చేసి 10-ఎండీపీ ఉన్న ప్రైమర్ పూయాల్సిందే. అంటే రెండు మి.మీ. వెడల్పు రంధ్రంలో పై అంచుకు ఒక మందు, కింద డెంటిన్‌కు మరొకటి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పొరపాటున కిందికి జారి డెంటిన్‌ను తాకితే అక్కడి అతుకు దెబ్బతింటుంది. అందుకే ముందు డెంటిన్‌ను కప్పి, ఆ తర్వాతే సెరామిక్ అంచు జోలికి వెళతారు.